వంకాయకు కన్నం పడిందంటే పురుగు వెళ్ళిపోయిందని

కత్తిపీట ముందు కూర్చునే ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. నున్నగా నిగనిగలాడే లేత వంకాయ. ఎటు తిప్పి చూసినా మచ్చ లేదు, గాటు లేదు. గుత్తి వంకాయ కోసమని నాలుగు పక్షాలుగా చీల్చేసరికి లోపల గులాబీరంగు పురుగు, దాని చుట్టూ తడితడిగా నల్లటి రెట్ట. "ఇది ఎటు నుంచి దూరిందర్రా!" అని మా అమ్మ కాయను తిప్పి తిప్పి చూసేది. కన్నం దొరికేది కాదు. ఇంకో కాయకు పక్కన పెసరగింజంత గుండ్రటి కన్నం ఉండేది. దాన్ని కోస్తే లోపలంతా గుల్ల. పురుగు మాత్రం ఉండేది కాదు.

చిన్నప్పుడు వింతగా తోచిన ఈ సంగతిలోనే వంగ రైతు కష్టమంతా ఉంది. మనం కన్నం చూసి పురుగు లోపలికి వెళ్ళిందనుకుంటాం. నిజానికి అది పురుగు తినడం పూర్తి చేసుకుని బయటికి వెళ్ళిన దారి. లోపలికి దూరినప్పుడు అది వెంట్రుకవాసి పిల్లపురుగు. లేత పిందెకు ముచ్చిక దగ్గర ఎక్కడో సూదిమొనంత చోట దూరుతుంది. పిందె పెరిగి కాయ అయ్యేలోపు ఆ గాటు పూడుకుపోతుంది. కాబట్టి పుచ్చులు కనబడిన రోజున మందు తెచ్చి కొట్టే రైతు, ఆ పురుగు విషయంలో కనీసం రెండు వారాలు ఆలస్యంగా వచ్చినట్టే.

మాది ఆలమూరు వైపు లంక ఊరు. గోదావరి పాయల మధ్య ఒండ్రు మేట వేసిన నేలలు మావి. వరద తీశాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నారు పోసి, నేల కాస్త ఆరగానే కూరగాయలు వేస్తారు. వంగ, బెండ, మిరప, దొండ, బీర ఏది వేసినా ఏపుగా వస్తుంది. మా బాబాయి అరవై సెంట్లలో వంగ వేసేవాడు. కోసిన కాయలు తెల్లవారుజామునే మడికి అనే ఊళ్ళోని కూరగాయల మార్కెట్‌కి వెళ్ళేవి. అక్కడ బస్తా విప్పి పైన నాలుగు కాయలు చూస్తారు. రెండింటికి కన్నం ఉంటే బస్తా మొత్తానికి రేటు పడిపోతుంది. ఆ టెన్షన్ తట్టుకోలేక బాబాయి కోతకీ కోతకీ మధ్య మందు కొట్టేవాడు. మొదట వారానికోసారి, తర్వాత నాలుగు రోజులకోసారి, ధర బాగున్న రోజుల్లో అయితే రోజు విడిచి రోజు. మందుల కొట్టులో మూడు రకాలు కలిపి ఇచ్చేవారు. ఏది దేనికో ఆయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆ ఏడాది పుచ్చులు తగ్గకపోగా తోటంతా ఎర్రనల్లి పట్టి ఆకులు రాగిరంగుకు తిరిగాయి. అంత మందు కొట్టాక కూడా పురుగు ఎలా బతికిందన్న ప్రశ్న నన్ను అప్పటి నుంచీ వదల్లేదు. తర్వాత చదివి, అడిగి, తోటల్లో తిరిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

దొంగ ఎక్కడ కాపురం ఉంటాడు?

వంగకు వచ్చే పురుగుల్లో అసలైన శత్రువు మొవ్వు, కాయ తొలుచు పురుగు. శాస్త్రవేత్తలు దీన్ని ల్యూసినోడెస్ ఆర్బొనాలిస్ అంటారు. దీని తల్లి చిన్న తెల్లటి రెక్కల పురుగు. రెక్కల మీద గోధుమ, గులాబీ రంగు మరకలు ఉంటాయి. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు రెండు సెంటీమీటర్లు. పగలంతా ఆకుల కింద నక్కి ఉంటుంది, రాత్రి తిరుగుతుంది. అందుకే ఏళ్ళ తరబడి వంగ సాగు చేసిన రైతుల్లో కూడా దాన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. మా బాబాయి ముప్పై ఏళ్ళు వంగ వేశాడు. ఎర బుట్టలో చిక్కిన రెక్కల పురుగును నేను చూపించేదాకా అదే తన తోటను తినే పురుగుకు తల్లి అని ఆయనకు తెలియదు.

ఒక్కో ఆడ పురుగు సుమారు 80 నుంచి 250 దాకా గుడ్లు పెడుతుంది. కుప్పగా పెట్టదు. లేత ఆకుల అడుగున, మొవ్వు మీద, మొగ్గల మీద, పిందె ముచ్చిక మీద ఒక్కొక్కటిగా అంటిస్తుంది. మూడు నుంచి అయిదు రోజుల్లో గుడ్డు పగులుతుంది. పిల్లపురుగు బయటికి వచ్చిన కొద్ది గంటల్లోనే దగ్గరలో ఉన్న లేత మొవ్వులోకో పిందెలోకో దూరిపోతుంది. దూరిన చోటును తన రెట్టతోనే బిరడా వేసినట్టు మూసేసుకుంటుంది. లోపల రెండు వారాలు, చలికాలమైతే మూడు వారాల దాకా తింటుంది. రెండు సెంటీమీటర్ల గులాబీరంగు పురుగయ్యాక కన్నం చేసుకుని బయటపడి నేలకు దిగుతుంది. రాలిన ఆకుల్లో, ఎండు కొమ్మలకు అంటుకుని, పైమట్టిలో గట్టి పట్టుగూడు అల్లుకుంటుంది. వారం పది రోజుల్లో మళ్ళీ రెక్కల పురుగు. ఎండాకాలంలో ఈ చుట్టు నెలలోపే తిరుగుతుంది. ఒకే తోటలో ఒకే రోజున గుడ్డు, పిల్ల, గూడు, రెక్కల పురుగు అన్నీ ఉంటాయి.

ఈ లెక్కను మందు కొట్టే మనిషి వైపు నుంచి చూడండి. గుడ్డు పగిలిన తర్వాత పిల్లపురుగు మొవ్వులోకి దూరే లోపు ఉన్న ఆ కొద్ది గంటలే అది బయట ఉండే సమయం. ఆ సమయంలో ఆకు మీద మందు ఉంటేనే దానికి తగులుతుంది. ఒకసారి దూరాక చుట్టూ కండ, వాకిట్లో రెట్ట బిరడా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇది అక్షరాలా ఇంటి దొంగే. పైగా గుడ్లన్నీ ఒకేసారి పగలవు, రోజూ కొన్ని పగులుతూనే ఉంటాయి. అన్నిటినీ మందుతోనే పట్టాలంటే రోజూ కొట్టాలి. రైతులు చివరికి చేరుతున్నది అక్కడికే. బంగ్లాదేశ్‌లో ఒక్క పంటకాలంలో వందకు పైగా సార్లు మందు కొట్టిన వంగ రైతులు ఉన్నట్టు నమోదైంది. అంత కొట్టినా పుచ్చులు ఆగలేదు.

ఇక్కడే, తినేవాళ్ళలో బాగా పాతుకుపోయిన ఒక నమ్మకం గురించి కూడా చెప్పాలి. "పుచ్చు ఉందంటే మందు కొట్టని కాయన్నమాట, మంచిదే" అని చాలామంది అంటారు. ఫోన్లలో ఆ మాట తెగ తిరుగుతోంది కూడా. ఆ మాట నమ్మకండి. మందు లోపలి పురుగును అందుకోలేదు కాబట్టి, ఇరవైసార్లు మందు తిన్న కాయలోనూ పురుగు హాయిగా ఉంటుంది. పుచ్చు కాయ మందు లేని కాయ అనడానికి ఏ ఆధారమూ లేదు. కన్నం లేని కాయ శుభ్రమైనదన్న భరోసా కూడా లేదు. పారే నీళ్ళలో బాగా కడిగితే పైన అంటిన మందు కొంత పోతుంది. మొక్కలోకి ఇంకే రకం మందైతే కడిగినా పోదు.

వాలిన మొవ్వు చెప్పే కబురు

పురుగును పట్టుకోగల చోటు ఒకటుంది. అది కాయ కంటే ముందే కనబడుతుంది. నాటిన మూడు నాలుగు వారాలకు, ఇంకా పూత కూడా రాకముందే, కొన్ని మొవ్వులు తల వాల్చేస్తాయి. మొక్కంతా పచ్చగా, నిటారుగా ఉంటుంది. ఒక్క కొమ్మ చివర మాత్రం నీళ్ళు లేనట్టు వేలాడుతుంది. మధ్యాహ్నం ఎండకు వాలే ఆకులు సాయంత్రానికి లేస్తాయి, ఇది లేవదు. కాయలు లేని ఆ రోజుల్లో పురుగు మొవ్వులోనే బతుకుతుంది. వాలిన చోటుకు కాస్త కిందుగా చూస్తే కాండానికి చిన్న రంధ్రం, దానికి అంటిన రెట్ట పొడి కనిపిస్తాయి. అక్కడి నుంచి మరో అంగుళం కిందికి తుంచి గోటితో చీలిస్తే పురుగు లోపలే ఉంటుంది, తల కిందికి పెట్టుకుని.

ఈ వాలిన మొవ్వులను వారానికి రెండుసార్లు తుంచడమే వంగ రైతు చేయగలిగిన అన్ని పనుల్లోకీ విలువైనదని నా గట్టి నమ్మకం. ఒక మొవ్వు తుంచితే ఒక పురుగు పోయినట్టు. దాంతోపాటు అది రెక్కలొచ్చి పెట్టబోయే వంద రెండు వందల గుడ్లూ పోయినట్టే. తుంచిన మొవ్వును గట్టున పారేస్తే మాత్రం చేసిందంతా వృథా. పురుగు అందులోంచి పాక్కుంటూ వచ్చి నేలలో గూడు కట్టుకుంటుంది. నడుముకు సంచి కట్టుకుని అందులో వేసుకోవాలి. గట్టు మీదకు వచ్చాక కాల్చాలి, లేదా లోతుగా గోయి తీసి పూడ్చాలి, లేదా మూతి గట్టిగా కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఎండకు పడేయాలి. కోతప్పుడు ఏరేసిన పుచ్చు కాయలకూ ఇదే దారి. మా ఊళ్ళో ఆ కాయలను మడి చివర కుప్పగా పోసేవారు. పశువులు తిన్నవి తినగా మిగిలినవి కుళ్ళేవి. అలాంటి ప్రతి కుప్పా రెక్కల పురుగుల కార్ఖానాయే.

అరవై సెంట్ల తోటను ఇద్దరు మనుషులు పొద్దున్నే ఒక చుట్టు తిరగడానికి పెద్దగా సమయం పట్టదు. ఆ మాట చెప్తే బాబాయి మొదట నవ్వాడు. "ఒరేయ్ అబ్బాయ్, చేత్తో ఏరితే పోయే పురుగైతే ఇన్ని వేల రూపాయల మందులు ఎందుకు కొంటాంరా?" అన్నాడు. మర్నాడు ఇద్దరం చెరో బోదె పట్టుకుని తిరిగాం. సంచీలు ఇంటికి తెచ్చి మొవ్వులు ఒక్కొక్కటే చీల్చి పళ్ళెంలో పురుగులు వరసగా పెట్టాను. ఆయన చాలాసేపు వాటికేసి చూసి, "ఇవన్నీ నిన్న నేను మందు కొట్టాక బతికున్నవేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ తర్వాత వారానికి రెండు పొద్దులు ఆయనే సంచి కట్టుకుని వెళ్ళేవాడు.

తల వాల్చిందల్లా ఈ పురుగు పనేనని అనుకోవద్దు. ఒక్క కొమ్మ కాకుండా మొక్క మొత్తం పచ్చిగా ఉండగానే వాలిపోతే అది బ్యాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. మొదలు దగ్గర కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి, ముక్క చివర మునిగేలా పట్టుకోండి. కాసేపటికి పాలలాంటి తెల్లటి చార నీళ్ళలోకి దిగితే తెగులే. ఆ మొక్కను పీకి కాల్చడం తప్ప దానికి మందు లేదు.

కట్టెల మోపు, ఎర బుట్ట

వరద లంక మీద నుంచి పోయినప్పుడు పాత ఆకులు, పుల్లలు చాలావరకు కొట్టుకుపోతాయి. వరి వేసే చేలల్లో నెలల తరబడి నీళ్ళు నిలుస్తాయి కాబట్టి మట్టిలో ఉన్న గూళ్ళు మిగలడం కష్టం. వంగ తీసేశాక వరి వేయడం డెల్టా రైతుకు నీళ్ళు ఇచ్చిన వరం. వంగ తర్వాత వంగే వేసుకుంటూ పోతే, లేదా మొదటి కాపు అయ్యాక కొమ్మలు నరికి మళ్ళీ చిగుర్లు తెప్పిస్తే ఆ మేలు పోతుంది. పాత పురుగు కొత్త చిగురు మీదకు నేరుగా వచ్చేస్తుంది.

మరి నీళ్ళు నిలిచిన చోట కూడా కొత్త తోటకు పురుగు ఎక్కడి నుంచి వస్తోంది? కొంత నారుతో వస్తుంది. ఆకు అడుగున అంటిన గుడ్డు కంటికి ఆనదు. అందుకే నారుమడి మీద సన్నటి నైలాన్ వల కప్పడం, కొన్న నారైతే వల కింద ట్రేలలో పెంచినది తీసుకోవడం మంచిది. కొంత పక్క తోట నుంచి వస్తుంది. మూడో దారి మన ఇంటి వెనకే ఉంటుంది. పంట అయిపోయాక పీకిన వంగకట్టెలను పొయ్యిలోకి పనికొస్తాయని మోపు కట్టి దొడ్లో పేర్చుకోవడం మన పల్లెల్లో అలవాటు. ఆ కట్టెలకు అంటిన గూళ్ళలోంచి వారాల తరబడి రెక్కల పురుగులు వస్తూనే ఉంటాయి. ఒకసారి మా దొడ్లో కట్టెల మోపు మీద వాన పడకుండా కప్పిన పట్టాను తెల్లారి ఎత్తి చూస్తే, లోపలివైపు తెల్లటి చిన్న రెక్కల పురుగులు వాలి ఉన్నాయి. చేలో మందు కొట్టి, పెరట్లో పెంచుతున్నాం. వంగకట్టెలను తీసిన వారంలోనే కాల్చేయాలి. తొలకరికి వేసిన తోట సంక్రాంతి నాటికి అయిపోతే భోగి మంటకు అంతకన్నా మంచి కట్టె లేదు.

లింగాకర్షక బుట్టల పని కూడా రెక్కల పురుగు మీదే. ఆడ పురుగు మగ పురుగును పిలవడానికి వదిలే వాసనను తయారుచేసి, చిన్న రబ్బరు బిళ్ళకు ఎక్కించి, బుట్టలో వేలాడదీస్తారు. మగవి వచ్చి పడిపోతాయి. జత దొరకని ఆడవి పెట్టిన గుడ్లు పగలవు. ఎకరానికి నాలుగైదు బుట్టలు పెడితే పురుగు రాక మొదలైందో లేదో తెలుస్తుంది. పురుగునే తగ్గించాలంటే అంతకు చాలా ఎక్కువ కావాలి. ఈ తేడా చెప్పకుండా నాలుగు బుట్టలు అమ్మేసి పోతే రైతు "బుట్టలు పనిచేయవండీ" అనడంలో తప్పు లేదు. బిళ్ళను వంగ పురుగుకని అడిగి తీసుకోవాలి. వరి కాండం తొలుచు పురుగు బిళ్ళ, శనగపచ్చ పురుగు బిళ్ళ ఇందులో పనికిరావు. బుట్టను మొక్కల తల ఎత్తులో కట్టాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. బిళ్ళ వాసన తగ్గిపోయే గడువు ప్యాకెట్ మీద ఉంటుంది, అప్పటికి మార్చాలి.

దోమ, నల్లి, అక్షింతల పురుగు

రసం పీల్చేవి వేరే జాతి. వాటి మీద మొవ్వు తుంచడం పనిచేయదు. పచ్చదోమను దీపపు పురుగు అని కూడా అంటారు. ఆకు తిప్పి చూస్తే లేతపచ్చటి చిన్న పురుగులు అడ్డంగా, ఏటవాలుగా పరుగెడతాయి. ఆ నడకే దాని ఆనవాలు. ఆకు అంచులు పైకి ముడుచుకుని, పసుపై, ఇటుకరంగుకు తిరిగి ఎండుతాయి. తెల్లదోమ, పేనుబంక కూడా ఈ కోవవే. యూరియా ఎక్కువ వేసిన తోటలో ఇవన్నీ విరగబడతాయి. ఆకు ముదురుపచ్చగా, మెత్తగా, రసం నిండి ఉంటుంది కాబట్టి వాటికి విందే. యూరియాను ఒక్కసారే గుమ్మరించకుండా దఫాలుగా వేయడం, మొదట్లోనే వేపనూనె కొట్టడం, పసుపు జిగురు అట్టలు పెట్టడం వీటికి చాలావరకు సరిపోతాయి.

వెర్రి తెగులుతో మాత్రం జాగ్రత్త. ఆకులు చెవిపోగుల్లా చిన్నవైపోయి, మొక్క చీపురుకట్టలా గుబురెత్తి, పూత కాత లేకుండా నిలబడుతుంది. దీపపు పురుగుల జాతిలోనే ఒక రకం దీన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. కాయలేదని జాలిపడి ఉంచితే పక్క మొక్కలకు అంటిస్తుంది. కనబడగానే పీకేయాలి.

అక్షింతల పురుగు విషయంలో పేరే గందరగోళం. వంగ ఆకును జల్లెడలా గీకి ఈనెలు మాత్రం మిగిల్చే పురుగునూ అక్షింతల పురుగే అంటాం, పేనుబంకను తిని మనకు మేలు చేసే పురుగునూ అదే పేరుతో పిలుస్తాం. రెండూ గుండ్రంగా, అర్ధ శనగబద్దలా, చుక్కలతో ఉంటాయి. తేడా తెలియక మేలు చేసేదాన్ని చంపుకున్నవాళ్ళు చాలామంది. ఆకు తినేదాని వీపు మీద సన్నటి నూగు ఉంటుంది కాబట్టి మెరవదు, మాసిన ఇత్తడిలా ఉంటుంది. 28 చుక్కలుంటాయి, దాని శాస్త్రీయ నామానికి అర్థమూ అదే. పిల్లలు పసుపురంగులో ఒంటినిండా కొమ్మలు చీలిన ముళ్ళతో ఉంటాయి. మేలు చేసేది ఎర్రగానో నారింజరంగులోనో నూనె రాసినట్టు మెరుస్తుంది. దాని పిల్ల నల్లగా, సన్నగా, చిన్న మొసలిలా ఆకు మీద చురుగ్గా తిరుగుతుంది. ఆకు తినేవాటి పసుపు గుడ్లు ఆకు అడుగున గుంపుగా నిలబెట్టినట్టు ఉంటాయి, చూసినప్పుడల్లా నలిపేయడమే. పొద్దున్నే మొక్కను దులిపి కింద కిరోసిన్ నీళ్ళు పోసిన పళ్ళెం పట్టినా చాలు.

ఎర్రనల్లి పురుగే కాదు, సాలీడు తెగకు చెందినది. ఆకు అడుగున సన్నటి గూడు అల్లి రసం పీలుస్తుంది. ఆకు మీద ముందు తెల్లటి చుక్కలు, తర్వాత రాగిరంగు. ఎండలు ముదిరి కాలువలు కట్టేసే రోజుల్లో ఎక్కువవుతుంది. పురుగులను చంపే మందుల్లో చాలావాటికి ఇది చావదు, దాన్ని తినే జీవులు మాత్రం చస్తాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదే పదే కొట్టిన తోటలో నల్లి ఉప్పెనలా లేవడానికి కారణం ఇదే. మా బాబాయి తోటలో ఆ ఏడాది జరిగింది కూడా ఇదేనని ఇప్పుడు అర్థమవుతోంది. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చల్లటి పూట కొడితే నల్లి అదుపులోకి వస్తుంది. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

మందు కొట్టకపోతే బతికేవాటిలో కాయ తొలుచు పురుగుకు శత్రువులూ ఉన్నాయి. ట్రాతాలా అనే సన్నటి కందిరీగ మొవ్వులో దాక్కున్న పురుగును కూడా వెతికి దాని ఒంట్లో గుడ్డు పెడుతుంది. ట్యాంకు మందు చేరలేని చోటుకు ఆ చిన్న ప్రాణి చేరుతుంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం దక్షిణాసియాలో రైతులతో చేయించిన పద్ధతి కూడా ఈ మూడింటి కలయికే: వాలిన మొవ్వులు తుంచడం, బుట్టలు పెట్టడం, కందిరీగలు బతికేలా మందులు ఆపడం.

మందు ఎప్పుడు, ఎంత?

మందు అసలు వద్దని నేననను. పూత మొదలయ్యేటప్పుడు పురుగు ఉద్ధృతంగా ఉంటే తుంచడం ఒక్కటే చాలకపోవచ్చు. మొదట వేపగింజల కషాయం. అయిదు కిలోల గింజల పప్పు పొడి చేసి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున బాగా పిండి, వడకట్టి, కాస్త సబ్బు నురగ కలిపి వంద లీటర్లు చేసుకోవాలి. ఆ రోజే సాయంత్రం కొట్టాలి, నిలవ ఉంచితే పనిచేయదు. తల్లి పురుగు ఆ వాసనకు గుడ్డు పెట్టడానికి వెనకాడుతుంది. వేపపళ్ళు రాలే జూన్, జూలైలోనే గింజలు ఏరి నీడలో ఎండబెట్టుకుంటే ఖర్చు లేదు. బీటీ పొడి, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బ్యాక్టీరియాతో చేసినది, పిల్లపురుగు తింటేనే చంపుతుంది. కాబట్టి అదీ దూరకముందే ఆకు మీద ఉండాలి, సాయంత్రమే కొట్టాలి.

రసాయన మందు తప్పనిసరైతే డబ్బా మీద రెండు విషయాలు చూడండి. ఒకటి, ఆ మందు వంగకు సిఫారసు చేసిందేనా అని. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. వరికని, పత్తికని కొన్నది వంగ మీద కొట్టడం నేను కళ్ళారా చూశాను. తినేది మన పిల్లలే కదా అని అడిగితే జవాబు రాలేదు. రెండోది, మందు కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలన్నది. ఎమామెక్టిన్ బెంజోయేట్‌కి వంగలో 3 రోజులు. క్లోరాంట్రానిలిప్రోల్‌కి 22 రోజులు. రెండూ ఈ పురుగుకు ఇచ్చేవే, కానీ నాలుగైదు రోజులకోసారి కాయ కోసే తోటలో రెండో మందు కొట్టి గడువు పాటించడం ఎలా కుదురుతుంది? అది పూతకు ముందు వాడుకోవలసిన మందు. కాపు మీదున్న తోటకు దాన్ని అమ్మేటప్పుడు ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళకు ఉంది. చెప్పరు కాబట్టి మనమే అడగాలి. కాయలు ముందు కోసుకుని, పుచ్చులు, వాలిన మొవ్వులు ఏరేసి, ఆ తర్వాత మందు కొట్టడం సరైన వరస. చాలా చోట్ల తలకిందులుగా జరుగుతోంది: సాయంత్రం మందు, తెల్లారి కోత, ఎండెక్కేసరికి మార్కెట్.

ఈ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బీటీ వంకాయ గురించి అడుగుతారు. పైన చెప్పిన బీటీ బ్యాక్టీరియా జన్యువును వంగ మొక్కలోనే పెట్టి మహికో అనే విత్తన సంస్థ చేసిన వంగడాలవి. ఆ మొవ్వును తిన్న పురుగు చనిపోతుంది. 2009 అక్టోబరు 14న కేంద్ర ప్రభుత్వ జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ వాటి సాగుకు ఒప్పుకుంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టి, 2010 ఫిబ్రవరి 9న నిరవధికంగా ఆపేశారు. బంగ్లాదేశ్ 2013లో అనుమతించి, 2014లో 20 మంది రైతులకు నారు ఇచ్చి మొదలుపెట్టింది. అక్కడ మందుల వాడకం తగ్గింది. ఆ విత్తనం వచ్చినా దోమలు, నల్లి, వెర్రి తెగులు ఇలాగే ఉంటాయి, అది తొలుచు పురుగు ఒక్కదానికే. మన రైతు రేపటి తోటకు దాని కోసం ఎదురు చూడలేడు.

ఇందులో ఒక్క చిక్కు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మనం ఎంత శ్రద్ధగా తుంచినా గట్టు అవతల తోటలో తుంచకపోతే రాత్రికి రెక్కల పురుగులు ఎగిరి వస్తాయి. తోట చుట్టూ నిలువెత్తు నైలాన్ వల కడితే కొంత ఆగుతాయి, ఖర్చు మాత్రం అందరికీ కుదరదు. లంకలో ఒక వీలుంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో పది పదిహేను తోటలు, వరద తీశాక అందరూ ఒకేసారి నాటుతారు. ఆ పదిహేను కుటుంబాలూ కలిసి సోమవారం, గురువారం పొద్దున్నే మొవ్వులు తుంచాలని ఒక మాట అనుకుంటే చాలు. నాటే ముందు ఊళ్ళో ఎవరి దొడ్లో వంగకట్టెల మోపు ఉందో చూసి కాల్చేయాలి. ఆ పని మా వీధిలో బాబాయి మొదలుపెట్టాడు. పక్కింటాయన "పొయ్యిలోకి పనికొస్తాయండీ" అంటే, "పొయ్యిలోకి సరే, ఆ లోపు నా తోటలోకి పనికొస్తున్నాయండీ" అని, తన కొబ్బరి మట్టలు ఒక మోపు ఆయన దొడ్లో దింపి, ఆ వంగకట్టెలు మోయించుకుపోయి ఏటిగట్టున తగలబెట్టాడు.